గిద్ద నుంచి పుట్టి దాకా: రెట్టింపు లెక్క, మన అప్పుల చరిత్ర



పోస్టు పొడుగ్గా ఉంటది, ఓపిక చేసి చివరిదాకా చదవండి. ఇది లెక్కల పాఠం లెక్క మొదలైతది గాని, అసలు ముచ్చట వేరే. మన తాతలు ఎందుకు అప్పుల నుంచి బయట పడలేదు, ఎందుకు ఏండ్లకు ఏండ్లు దొరల ఇండ్లల్ల జీతాలకు ఉన్నరు అనేది ఇందులో ఉంది. "తాగుడుతోని, సోమరితనంతోని అప్పుల పాలైన్రు" అని మనోళ్ల గురించి చాలామంది తేలికగా అంటరు. ఆ మాటకు జవాబు తిట్లల్ల లేదు, లెక్కల్ల ఉంది.

ముందుగాల మన ఇండ్లల్ల ఉండే కొలతలు చూద్దాం. ఇప్పుడంటే కిలోలు, క్వింటాళ్లు వచ్చినయి. అంతకుముందు ధాన్యం కొలిచేది గిద్దలు, సోలలు, తవ్వలు, మానికలతోని. మా ఉప్పునుంతల దిక్కు ముసలోళ్లను అడిగితే ఇప్పటికీ వరుసగా చెప్తరు:

రెండు గిద్దలు ఒక అరసోల.
రెండు అరసోలలు ఒక సోల.
రెండు సోలలు ఒక తవ్వ.
రెండు తవ్వలు ఒక మానిక.
రెండు మానికలు ఒక అడ్డ.
రెండు అడ్డలు ఒక కుంచం.
రెండు కుంచాలు ఒక ఇరస.
రెండు ఇరసలు ఒక తూము.

తూము తర్వాత మాత్రం ఇరవై తూములకు ఒక పుట్టి. అంటే గిద్ద నుంచి తూము దాకా ఎనిమిది మెట్లు, ప్రతి మెట్టు ముందుదానికి రెట్టింపు. గిద్ద అంటే పిడికిట్ల పట్టేంత. ఎనిమిది సార్లు రెట్టింపు చేస్తే అది 256 గిద్దలైతది, అదే తూము. ఇంకో ఐదు సార్లు రెట్టింపు చేయండి, 8,192 గిద్దలు. పుట్టికి 5,120 గిద్దలే కాబట్టి పదమూడో రెట్టింపు కల్లా పిడికెడు గింజలు పుట్టిని దాటిపోయినయి. పిడికిట్ల ఉన్నది గాదె నిండి బయటికి పోయింది, అదీ పదమూడు అడుగుల్లనే. బడికి పోకున్నా మన అవ్వలకు ఈ నిచ్చెన చేతుల మీద తెలుసు. అయితే ఈ నిచ్చెన ఇంకా పైకి పోతే ఎక్కడిదాకా పోతదో తెలిసినోళ్లు వేరే ఉండె.

దీనికి సాక్ష్యం మన తెలుగులనే ఉంది. సుమారు 11వ శతాబ్దంల పావులూరి మల్లన అనే కవి ఉండె. జైన పండితుడు మహావీరాచార్యుడు 9వ శతాబ్దంల రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంల సంస్కృతంల రాసిన గణిత సార సంగ్రహాన్ని ఆయన తెలుగు పద్యాలల్లకు తెచ్చిండు. తెలుగుల మనకు దొరికిన మొదటి లెక్కల పుస్తకం అదే. చదరంగం బల్ల మీద మొదటి గడిల ఒక గింజ, రెండో గడిల రెండు, మూడో గడిల నాలుగు, ఇట్ల అరవై నాలుగు గడులు నింపితే మొత్తం ఎన్ని గింజలైతయో చెప్పే పద్యం ఒకటి మల్లన పేరు మీద ఉంది. పద్యంల అంకెలు నేరుగా ఉండవు, మాటలల్ల దాచిపెట్టి ఉంటయి. చంద్రుడు అంటే 1, ఎందుకంటే చంద్రుడు ఒక్కడే. అగ్ని అంటే 3, వేదం అంటే 4, బాణం అంటే 5, కొండ అంటే 7, ఏనుగు అంటే 8, ఆకాశం అంటే సున్న. ఆ మాటలను అంకెలు చేసి చివరి నుంచి మొదటికి చదివితే ఈ సంఖ్య వస్తది:

1,84,46,74,40,73,70,95,51,615.

ఇరవై అంకెలు. మన మాటల్ల చెప్పాలంటే ఒక లక్షా 84 వేల కోట్ల కోట్లకు పైన. కాలిక్యులేటర్ లేని రోజుల్ల ఒక్క అంకె కూడా తప్పు పోలేదు.

ఎట్ల చేసి ఉంటరు అనుకుంటున్నరా? అరవై నాలుగు సార్లు రెట్టింపు చేయనక్కర లేదు, దగ్గరి తొవ్వ ఒకటుంది. 2ను దానితోనే గుణిస్తే 4. 4ను 4తోని గుణిస్తే 16. 16ను 16తోని గుణిస్తే 256, అదే మన తూములున్న గిద్దల లెక్క. 256ను 256తోని గుణిస్తే 65,536. దాన్ని మళ్లీ దానితోనే గుణిస్తే 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. ఇంకొక్కసారి అట్లనే గుణించి, వచ్చినదాంట్ల ఒకటి తీసేస్తే పద్యంల ఉన్న సంఖ్య వస్తది. అంతా కలిపి ఆరు గుణకారాలు. ఒక కాగితం మీద మీరు కూడా చేయొచ్చు.

ఈ లెక్క మన దగ్గరనే ఆగలేదు. మధ్య ఆసియాల పుట్టిన అల్ బిరూనీ 1000వ సంవత్సరం ప్రాంతంల చదరంగం గింజల మొత్తాన్ని లెక్క కట్టి రాసిండు. 13వ శతాబ్దంల ఇబ్న్ ఖల్లికాన్ అనే అరబ్బీ రచయిత దీన్ని కథగా చెప్పిండు. చదరంగం కనిపెట్టినోడు ఏం కావాలో కోరుకొమ్మంటే గడి గడికి రెట్టింపు గింజలు అడిగిండట. "ఇంతేనా" అని రాజు నవ్విండట. తర్వాత లెక్క కడితే రాజ్యంల ఉన్న గింజలన్నీ పోసినా సాలలేదు.

రాజు ఎందుకు మోసపోయిండు? మొదటి గడులు చూసిండు కాబట్టి. వడ్లు 40 గింజలు ఒక గ్రాము తూగుతయి అనుకుందాం. పదహారో గడిల ఉన్న గింజలు కిలో కూడా కావు. ఇరవై ఒకటో గడిల 26 కిలోలు, అంటే సగం బస్త. సగం బల్ల నిండేసరికి, అంటే ముప్పై రెండు గడులకు కలిపి 107 టన్నులు, ఊర్ల రైతులు కలిసి పండిస్తరు. ఇక మిగతా సగం బల్ల? మొత్తం కలిపి 46 వేల కోట్ల టన్నులు దాటుతది. ప్రపంచం మొత్తం ఇప్పుడు ఏడాదికి పండించే వడ్లు దాదాపు 80 కోట్ల టన్నులు. అంటే ఐదు వందల ఏండ్లకు పైగా భూమి మీద పండే వడ్లన్నీ ఆ బల్ల మీదనే పొయ్యాలె. రెట్టింపు గుణమే అది. మొదట్ల నవ్వొస్తది, నడుమల అనుమానం వస్తది, చివరికి ఏం చేసినా అందదు.

కథల మోసపోయింది రాజు, చరిత్రల మోసపోయింది మనం. తేడా ఏందంటే రాజుకు లెక్క కట్టి చెప్పేటోళ్లు పక్కన ఉండె, మన తాతలకు లేకుండె.

పాలమూరుల నాగు అనే మాట పెద్దోళ్లందరికీ తెలుసు. వానాకాలం మొదట్ల విత్తనానికో తిండికో ధాన్యం తీసుకుంటే, పంట రాంగనే ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇయ్యాలె. కొన్ని చోట్ల ఒకటికి రెండు. ఇందుల విచిత్రం ఏందంటే, ఒకప్పుడు ధాన్యం మోసినోళ్లమే మనం. మా గోర్ బంజారాలు ఎడ్ల మందల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని దక్కన్ అంతా తిరిగిన్రు, దాన్నే లదేణి అంటరు. మొగలు సైన్యాలు దక్కన్‌కు వచ్చినప్పుడు వాళ్లకు తిండి గింజలు చేర్చింది బంజారాల ఎడ్లే. తర్వాత రోడ్లు పడ్డయి, 1874ల వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది, ఎడ్ల మీద సరుకు మోసే పని మెల్లగ పోయింది. తండాలు కట్టుకొని సాగు మొదలు పెట్టిన్రు. ఎడ్ల మీద పుట్ల కొద్ది ధాన్యం మోసినోళ్ల పిల్లలు గిద్దలు, మానికలు నాగుకు తెచ్చుకునే కాలం వచ్చింది. నల్లమలల చెంచు అన్నలది ఇంకో తీరు. తేనె, బంక, ఇప్పపువ్వు తెచ్చి షావుకారికి ఇస్తే ఆయన గింజలు కొలుస్తడు, కొలత ఆయనదే, లెక్క ఆయనదే.

మా తాత కాలం ముచ్చట మా దాది చెప్పంగ విన్న. ఎవరి దగ్గర తీసుకున్నరో పేరు అవసరం లేదు, లెక్క చూడండి. రెండు తూముల జొన్నలు నాగుకు తెచ్చిన్రు. పంట కాలానికి మూడు తూములు కట్టాలె. తిండికి ఉంచుకొని ఒక తూము కట్టిన్రు. ఇంకా రెండు తూములు బాకీ. మల్ల ఏడు ఆ రెండు మూడైనయి, మళ్లీ ఒక తూము కట్టిన్రు, మళ్లీ రెండు బాకీ. ఇట్ల ఆరేండ్లు కడితే ఆరు తూములు కట్టినట్టు. తెచ్చింది రెండు, కట్టింది ఆరు, ఉన్న బాకీ రెండు. ఇది మంచి కాలంల జరిగే లెక్క. ఏడాదికి ఒక తూము కడితే అప్పు పెరగదు, తరగదు, మేకుకు కట్టేసిన బర్రె లెక్క అక్కడనే నిలబడతది.

ఇప్పుడు నడుమల ఒక్క కరువు ఏడాది పెట్టండి. పాలమూరుల కరువు చుట్టం లెక్క వచ్చిపోతనే ఉంటది. ఆ ఏడు ఏం కట్టలేదు, బాకీ మూడు తూములు. మల్ల ఏడు అది నాలుగున్నర అయింది, ఒక తూము కడితే మూడున్నర. ఆ మల్ల ఏడు ఐదుంబావు, ఒకటి కడితే నాలుగుంబావు. ఆ తర్వాత ఒక తూము కట్టినంక కూడా ఐదున్నర దగ్గర. ఆ తర్వాత ఏడు దాటింది. చూసిన్రా? మళ్లీ పంటలు మంచిగనే పండినయి, ఎప్పటి లెక్కనే తూము కడుతున్నరు, అయినా అప్పు ఉరుకుతనే ఉంది. ఒక్క కరువుతోని అప్పు నిచ్చెన మీద ఒక మెట్టు ఎక్కింది, ఇంక దిగలేదు. అసలు ఏమీ కట్టకపోతే రెండు పంటలల్లనే రెట్టింపు దాటుతది, పది పంటలకు ఒక బస్త 57 బస్తలైతది. ఈ లెక్కల తాగుడు ఎక్కడుంది? సోమరితనం ఎక్కడుంది?

గింజలతోని తీరని అప్పు మనిషితోని తీర్చాలె అన్నరు. ఇంట్ల పెద్ద కొడుకో, చిన్న తమ్ముడో దొర ఇంట్ల జీతానికి ఉండాలె. నిజాం రాజ్యంల దీన్ని భగేలా అన్నరు. పేరుకు జీతం, కాని జీతం వడ్డీకి పోతది, అసలు అట్లనే ఉంటది. తండ్రి పోతే కొడుకు వస్తడు. ఎంత కాలానికి తీరుతదో లెక్క కాగితం మీద ఉంది, కాగితం దొర పెట్టెల ఉంది, మనది ఏలిముద్ర ఒక్కటే.

ఇక్కడ ఒక సంగతి నన్ను బాగ ఆలోచింపజేసింది. రెట్టింపు ఎంత ప్రమాదమో పాలించేటోళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. కౌటిల్యుడి అర్థశాస్త్రంల ధాన్యం అప్పుకు పంట వచ్చినప్పుడు వడ్డీ సగం దాకనే అని ఉంది. అంటే ఒకటికి ఒకటిన్నర, సరిగ్గ మన నాగు రేటే. మనుస్మృతిల డబ్బు అప్పుకు వడ్డీతో కలిపి అసలుకు రెండింతలు దాటొద్దు అని హద్దు పెట్టిన్రు. ఈ సూత్రాన్నే తర్వాత కోర్టులల్ల దామ్‌దుపట్ అన్నరు. వడ్డీ ఎప్పుడూ అసలును మించరాదు అని దాని అర్థం. చదరంగం భాషల చెప్పాలంటే రెండో గడి కాడ ఆగు, మూడో గడికి పోవద్దు.

అయితే అదే మనుస్మృతిల ఇంకో రెండు మాటలున్నయి. ఒకటి, ధాన్యం అప్పుకు హద్దు రెండింతలు కాదు, ఐదింతలు. రెండు, నెలకు నూటికి వడ్డీ బ్రాహ్మణుడికి 2, క్షత్రియుడికి 3, వైశ్యుడికి 4, శూద్రుడికి 5. బారువడ్డీ అనుకున్నా 2 వడ్డీకి అప్పు రెట్టింపు కావడానికి 50 నెలలు, 5 వడ్డీకి 20 నెలలే. డబ్బు అప్పు తీసుకునేది ఎవరు, గింజలు అప్పు తీసుకునేది ఎవరు, మీరే ఆలోచించండి. లెక్క తెలియక పెట్టిన హద్దు కాదది. ఎవరికి ఎక్కడ ఆపాలో తెలిసి పెట్టిన హద్దు.

ఆ హద్దు మన ఆదివాసుల దాకా రావాలంటే రక్తం పారాల్సి వచ్చింది. 1855 జూన్ 30న ఇప్పటి జార్ఖండ్‌ల ఉన్న భోగ్‌నాడీహ్‌ల సిద్ధూ, కాన్హూ అనే అన్నదమ్ముల వెనుక వేలమంది సంతాలులు లేచిన్రు. వాళ్ల కోపం మహాజన్ల వడ్డీ మీద, జమీందార్ల మీద, వాళ్లకు అండగ ఉన్న కంపెనీ సర్కారు మీద. అప్పుకు బదులు మనిషి కట్టుబానిస కావడం అక్కడ కూడా ఉండె, దాన్ని కమియా అన్నరు. తిరుగుబాటును తుపాకులతోని అణిచిన్రు, వేలమంది చనిపోయిన్రు. తర్వాత 1872ల సంతాల్ పరగణాలకు బ్రిటిష్ సర్కారు ఒక రెగ్యులేషన్ తెచ్చింది. అందుల చక్రవడ్డీ చెల్లదన్నరు, కోర్టు ఇప్పించే వడ్డీ అసలును మించొద్దన్నరు. మళ్లీ అదే రెండో గడి. మూడేండ్లకే, 1875ల పూణే, అహ్మద్‌నగర్ జిల్లాలల్ల రైతులు షావుకార్ల ఇండ్ల మీద పడ్డరు. వాళ్లు వెతికింది ముఖ్యంగ అప్పు కాగితాల కోసం, దొరికినయి దొరికినట్టు కాలబెట్టిన్రు. లెక్క అర్థం కానోళ్లకు లెక్క ఆపే తొవ్వ అది ఒక్కటే కనబడ్డది.

మన దిక్కు వద్దాం. కృష్ణకు అవతలి గట్టు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీల ఉండె. అక్కడ 1938ల వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం వచ్చింది. అసలుకు రెండింతలు కట్టిన రైతు అప్పు పూర్తిగ తీరినట్టే అని ఆ చట్టం చెప్పింది. ఇవతలి గట్టు నిజాంది. ఇక్కడ 1349 ఫసలీల, అంటే 1939-40ల వడ్డీ వ్యాపారుల చట్టం వచ్చింది, వడ్డీకిచ్చేటోడు లైసెన్సు తీసుకోవాలని. భగేలా ఒప్పందాల మీద కూడా నిజాం కాలంలనే నిబంధనలు తెచ్చిన్రు. కాని కాగితం ఉర్దూల, కచేరి దూరాన, పటేలు పట్వారీ దొర మనుషులు. చట్టం వచ్చింది గాని తండాకు రాలేదు. అందుకే 1940లల్ల ఆంధ్ర మహాసభ ఊర్లల్లకు వచ్చినప్పుడు జనం వెట్టి పోవాలె, నాగు వడ్డీ పోవాలె అని కలిసి నడిచిన్రు.

స్వాతంత్ర్యం వచ్చినంక 1956ల గిరిజన సహకార సంస్థ పెట్టింది కూడా అడవి సరుకు షావుకారి కొలతకు పోవద్దనే. చివరికి 1975 అక్టోబర్ల ఆర్డినెన్సు, 1976ల వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చినయి. ఆ చట్టం తెరిచి చూడండి, రెండో సెక్షన్ల దేశంల ఉన్న కట్టుబానిసత్వాల పేర్లు వరుసగ రాసిన్రు. అందుల భగేలా ఉంది, జీత ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. మన తాతల బతుకు పార్లమెంటు చట్టంల మాటలుగ ఎక్కింది. ఆ చట్టం రెట్టింపు కాడ ఆగుమనలేదు, వెట్టికి కారణమైన అప్పు మొత్తాన్నే రద్దు చేసింది. బల్ల మీది గింజలన్నీ ఊడ్చేసింది.

మరి ఇప్పుడు? నాగు పోయింది, నోటు వచ్చింది. మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చుకున్నరనుకోండి. ప్రామిసరీ నోటుకు మూడేండ్లల్ల కాలం చెల్లుతది. అందుకే మూడేండ్లు నిండకముందే నోటు తిరగరాయిస్తరు. మూడేండ్ల వడ్డీ 10,800, అసలుతో కలిపి కొత్త నోటు 20,800. ఇప్పటి నుంచి వడ్డీకి కూడా వడ్డీ. మాట బారువడ్డీ, పని చక్రవడ్డీ. రెండో తిరగరాతకు 43 వేలు, మూడోదానికి 90 వేలు, నాలుగోదానికి 1 లక్షా 87 వేలు, ఐదోదానికి 3 లక్షల 89 వేలు. పదిహేనేండ్లు. బిడ్డ పుట్టినప్పుడు తెచ్చిన పదివేలు బిడ్డ పదో తరగతి రాసేసరికి భూమి అడుగుతది. ప్రతి సంతకం చదరంగంల ఒక గడి.

లోన్ యాప్‌ల లెక్క ఇంకా ఘోరం. 5,000 అప్పు అంటరు, చేతికి 3,500 వస్తది, వారంల 5,000 కట్టాలె. అది కట్టడానికి ఇంకో యాప్. అంటే రెండు వారాలకు ఒకసారి రెట్టింపు. పది వారాలు ఇట్లనే తిప్పితే 3,500 కాస్త లక్షా 20 వేలు దాటుతది. నాగుకు తొమ్మిదేండ్లు పట్టేది దీనికి రెండున్నర నెలలు చాలు. 2020 చివర్ల మన తెలంగాణల ఈ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్న కేసులు అందరం చూసినం. 2022ల రిజర్వ్ బ్యాంక్ డిజిటల్ అప్పుల మీద నియమాలు తెచ్చింది. ఏడాదికి మొత్తం ఖర్చు ఎంత శాతమో ముందే చెప్పాలని అందుల ఉంది. చెప్పని యాప్ జోలికి పోవద్దు. వేధిస్తే 1930కి ఫోన్ చేయండి.

ఇంకోటి, "ఇద్దరిని చేర్పించు, వాళ్లు చెరో ఇద్దరిని చేర్పిస్తరు" అనే గొలుసు స్కీములు. మన హాస్టళ్లల్లకు కూడా వస్తయి. ఇరవై ఐదో వరుసకు 3 కోట్ల 35 లక్షల మంది కావాలె. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ మొత్తమే మూడున్నర కోట్లు. ఆ ఒక్క వరుసకే పసిపిల్లలతో సహా రాష్ట్రం దాదాపు అయిపోతది. ఎవరో ఒకరి కాడ ఆగుతది, ఆ ఆగేది ఎప్పుడూ చివర చేరినోళ్ల కాడ.

2010ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల మైక్రోఫైనాన్స్ సంస్థల అప్పులతోని ఆడోళ్లు ప్రాణాలు తీసుకున్నప్పుడు ప్రభుత్వం చట్టం తెచ్చింది. వడ్డీ అసలును మించొద్దు, అసలుకు రెండింతలు కట్టిన అప్పు తీరినట్టే అని అందుల ఉంది. చూడండి, 1872ల సంతాలులకు చెప్పిన మాట, 1938ల మద్రాసు రైతుకు చెప్పిన మాట, 2010ల మన అక్కలకు చెప్పిన మాట ఒక్కటే. 2023ల తెలంగాణ హైకోర్టు రిజర్వ్ బ్యాంక్ దగ్గర రిజిస్టర్ అయిన ఫైనాన్స్ కంపెనీలకు ఆ చట్టం వర్తించదని చెప్పింది. అంటే ఆ హద్దు గోడ రాతిది కాదు, మట్టిది. కడతరు, కూలుతది, మళ్లీ కట్టాలె. కట్టాలని అడిగేటోళ్లకు లెక్క రావాలె.

అందుకే ఈ చిన్న లెక్క నేర్చుకోండి. 72ను వడ్డీతోని భాగించండి. నెలకు నూటికి 2 రూపాయలైతే 72ను 2తోని భాగిస్తే 36, అంటే వడ్డీకి వడ్డీ కడితే 36 నెలలకు అప్పు రెట్టింపు. 3 రూపాయలైతే 24 నెలలు. 5 అయితే 14 నెలలు. 10 అయితే ఏడు నెలలు. ఇంట్ల ఎవరన్న అప్పు తెస్తా అంటే "వడ్డీ ఎంత" అని ఆగకండి, "ఎన్ని నెలలకు డబుల్ అయితది" అని అడగండి. నోటు తిరగరాసేటప్పుడు పక్కన కూర్చోండి. పాత నోటు చింపించండి, కట్టిన పైసలకు రసీదు తీసుకోండి, కొత్త నోటుల అసలు ఎంత వడ్డీ ఎంత అని విడిగా రాయించండి. ఏలిముద్ర పడకముందు కాగితం ఒకసారి ఫోటో తీసుకోండి. మన ఇండ్లల్ల మొదటిసారి కాలేజీ గడప తొక్కినోళ్లం మనమే, ఈ పని మనం చేయకపోతే ఇంకెవరు చేస్తరు?

మల్లన పద్యం గొప్పదే, తెలుగు లెక్కకు అంత పాత చరిత్ర ఉన్నందుకు నాకు గర్వమే. కాని వెయ్యేండ్ల కింద పద్యంల ఉన్న జ్ఞానం మొన్న మొన్నటి దాకా మన తండాకు, మన పెంటకు రాలేదు. రాకుండ ఎవరు లాభపడ్డరో జీతగాళ్ల చరిత్రనే చెప్తది.

మీ ఊర్లల్ల నాగు లెక్కలు, భగేలా ముచ్చట్లు గుర్తున్న పెద్దోళ్లు ఉంటే అడిగి గ్రూపుల రాయండి. ఎంత తెచ్చిన్రు, ఎంత కట్టిన్రు, ఎన్ని ఏండ్లు జీతం ఉన్నరు, ఈ మూడు అంకెలు చాలు. దొరల పేర్లు వద్దు, అంకెలే రాయండి. దొరల పెట్టెల్ల ఉన్న కాగితాలు మనకు దొరకవు గాని, మన ముసలోళ్ల నోట్ల ఉన్న లెక్క ఇంకా దొరుకుతది. వాళ్లు పోయేలోపల రాసుకుందాం.

జై సేవాలాల్. జోహార్ సిద్ధూ కాన్హూ.

ఉప్పునుంతల మండలం నుంచి, మీ తమ్ముడు, ఒక హాస్టల్ విద్యార్థి